భద్రాచలానికి ఫ్లైట్‌లో వెళ్తున్నారా? దిగాక బండి సంగతి ముందే తేల్చుకోండి

మీరు బెంగళూరులోనో ముంబయిలోనో ఉంటున్నారు. అమ్మానాన్నలను రామయ్య దర్శనానికి తీసుకెళ్లాలనుకుంటున్నారు. ఫ్లైట్ టికెట్ ఫోన్‌లో ఐదు నిమిషాల పని. విమానం దిగాక గుడి దాకా ఎలా అన్నదే చిక్కు. ఖమ్మం జిల్లాలో గానీ, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో గానీ విమానాశ్రయం లేదు. కొత్తగూడెంలో కట్టాలన్న ప్రతిపాదన ఏళ్లుగా నలుగుతూనే ఉంది. ఈలోగా మీకు దిక్కు శంషాబాద్, గన్నవరం, రాజమండ్రి దగ్గరి మధురపూడి.

శంషాబాద్‌కు ఫ్లైట్లు ఎక్కువ, టికెట్ కూడా చాలాసార్లు చవక. కానీ అక్కడి నుంచి భద్రాచలం 300 కిలోమీటర్లకు పైనే. కారులో ఆరేడు గంటలు కూర్చోవాలి. గన్నవరం నుంచి సుమారు 200 కిలోమీటర్లు. విజయవాడ దాటి ఇబ్రహీంపట్నం దగ్గర 30వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే తిరువూరు, కొత్తగూడెం, పాల్వంచ మీదుగా నేరుగా భద్రాచలం. పెద్దవాళ్లు వెంట ఉంటే టికెట్‌కు వెయ్యి, రెండు వేలు ఎక్కువైనా గన్నవరమే నయం. ఆదా చేసిన ఆ డబ్బు ఎలాగూ శంషాబాద్ టాక్సీకే పోతుంది.

మధురపూడితో ఒక జాగ్రత్త ఉంది. మ్యాప్ పెడితే రంపచోడవరం, మారేడుమిల్లి, చింతూరు మీదుగా ఘాట్ రోడ్డు కూడా చూపిస్తుంది. పగలు చూడముచ్చటైన అడవి దారి. చీకటి పడ్డాక మాత్రం వద్దు. మలుపులు ఎక్కువ, చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు, బండి ఆగితే పిలిచినా పలికేవారుండరు. సాయంత్రం ఫ్లైట్ అయితే జంగారెడ్డిగూడెం, అశ్వారావుపేట వైపు నుంచి రమ్మని డ్రైవర్‌కు ముందే చెప్పండి. లేదా ఆ రాత్రి రాజమండ్రిలోనే ఉండిపోండి.

కారు ఖర్చు భారమైతే రైలు ఉంది. అయితే పేరు చూసి పొరబడేది ఇక్కడే. యాప్‌లో కనిపించే 'భద్రాచలం రోడ్' స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో. రాముడి గుడి అక్కడికి 40 కిలోమీటర్ల దూరం. రైల్వే భాషలో 'రోడ్' అంటే 'ఆ ఊరికి ఇక్కడి నుంచి దారి ఉంది' అని మాత్రమే. భద్రాచలం పట్టణానికి రైలు ఇంకా రాలేదు. ఒడిశాలోని మల్కన్‌గిరి నుంచి భద్రాచలం మీదుగా పాండురంగాపురం వరకు సుమారు 174 కిలోమీటర్ల కొత్త లైన్‌కు కేంద్ర కేబినెట్ 2024 ఆగస్టులో ఆమోదం తెలిపింది. అది పూర్తయ్యే దాకా కొత్తగూడెంలో దిగాల్సిందే.

శంషాబాద్‌లో సాయంత్రం దిగేవారికి ఉన్న చవక మార్గమూ ఇదే. ఆర్టీసీ పుష్పక్ బస్సులో సికింద్రాబాద్ చేరి, రాత్రి పొద్దుపోయాక బయలుదేరే మణుగూరు ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారుజామున కొత్తగూడెంలో ఉంటారు. అక్కడి నుంచి బస్సు. ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు బస్సుల్లో తెలంగాణ మహిళలకు మహాలక్ష్మి పథకం కింద టికెట్ ఉచితం. కాకపోతే తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి. పుష్పక్‌కు ఈ పథకం వర్తించదు.

ఈ మూడు అంచెలకూ కలిపి ఒకే టికెట్ లేకపోవడమే అసలు లోటు. ఫ్లైట్ రెండు గంటలు ఆలస్యమైతే రైలు ఆగదు, రైల్వే డబ్బు తిరిగివ్వదు, విమాన సంస్థకు మీ రైలుతో సంబంధం లేదు. నష్టం మొత్తం మీదే. మధ్యధరా సముద్రంలోని మాల్టా దేశంలో గోజో అనే చిన్న దీవి ఉంది. అక్కడికి వెళ్లే పర్యాటకులు పెద్ద దీవిలో విమానం దిగుతారు. ఎక్స్1 నంబరు సిటీ బస్సు వాళ్లను విమానాశ్రయం నుంచే పడవల రేవు దాకా చేరుస్తుంది. ఊరూరా విమానాశ్రయం కట్టడం కన్నా ఇలాంటి బస్సు వేయడం తేలిక. గన్నవరం నుంచి భద్రాచలానికి ఫ్లైట్ వేళలు చూసి రోజుకు రెండు బస్సులు నడిపితే ఎంతమంది ఎక్కుతారో తేలిపోతుంది. రెండు రాష్ట్రాల ఆర్టీసీలు కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయమిది.

అందాకా టాక్సీ మాట్లాడుకునేవారు పసుపు నంబరు ప్లేటు ఉన్న బండే అడగండి. తెల్ల ప్లేటు సొంత కారును కిరాయికి తిప్పడానికి పర్మిట్ ఉండదు. ప్రమాదం జరిగితే బీమా పరిహారం దగ్గర చిక్కు వస్తుంది. గన్నవరం, మధురపూడిల నుంచి వచ్చే బండి రాష్ట్రం దాటుతుంది కాబట్టి ఆల్ ఇండియా టూరిస్ట్ పర్మిట్ ఉందో లేదో కనుక్కోండి. అది ఉంటే సరిహద్దు దాటిన ప్రతిసారీ విడిగా అనుమతి అక్కర్లేదు. పర్ణశాల చూడాలనుకున్నా ఇదే అవసరం. 2014లో ఎటపాక, చుట్టుపక్కల ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌లో కలవడంతో ఆ దారిలో కాసేపు ఆంధ్రలోకి వెళ్లి మళ్లీ తెలంగాణలోకి వస్తారు. ఇక కిరాయిలో టోల్, డ్రైవర్ బేటా, ఖాళీగా తిరిగెళ్లే ఖర్చు కలిసి ఉన్నాయా అన్నది వాట్సాప్‌లో రాయించుకోండి. నోటిమాట దిగేటప్పుడు మారిపోతుంది.

జులై, ఆగస్టుల్లో వెళ్తుంటే బయలుదేరే ముందు భద్రాచలం దగ్గర గోదావరి నీటిమట్టం చూసుకోండి. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మూడోది వచ్చిందంటే చింతూరు, దుమ్ముగూడెం వైపు రోడ్లపై ఆశ వదులుకోవచ్చు. 2022 జులైలో 71 అడుగులు దాటినప్పుడు వంతెన మీద కూడా రాకపోకలు ఆపేశారు.

తిరుగు ప్రయాణానికీ బండిని వెళ్లేటప్పుడే ఖాయం చేసుకోండి. నగరంలోలా యాప్ తెరవగానే క్యాబ్ వస్తుందని నమ్ముకోవద్దు. మధ్యాహ్నం 2 గంటలకు గన్నవరంలో ఫ్లైట్ ఉంటే భద్రాచలంలో ఉదయం 7కల్లా బండి ఎక్కాలి. అంటే దర్శనం ముందురోజే అయిపోవాలి.