మాయల ఫకీరుకు చోటేదీ?

బాలనాగమ్మను కుక్కగా మార్చి వెంటబెట్టుకుపోతాడు మాయల ఫకీరు. వెతుక్కుంటూ వచ్చిన మొగుణ్ణి రాయి చేస్తాడు. ఉయ్యాలలో పసివాడు మిగులుతాడు. ఈ కథను బుర్రకథగా పిల్లాపాపలంతా పెద్దల పక్కనే కూచుని విన్నారు. 1942లో జెమినీ వారు సినిమా తీస్తే విరగబడి చూశారు. ఎవరూ చెడిపోయిన దాఖలా లేదు.

ఇప్పటి పిల్లల పుస్తకాల్లో ఆ ఫకీరు అరుదు. ఉన్నా కోరలు పీకేసి ఉంటాడు. హైదరాబాద్ ఎన్టీఆర్ స్టేడియంలో డిసెంబరు పుస్తక ప్రదర్శనకు వెళ్తే తెలుగు స్టాళ్లలో పిల్లలకు నీతికథలు, తెనాలి రామకృష్ణుడు, మర్యాద రామన్న. ఆ పక్కనే అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లు, చిక్కడపల్లి లైబ్రరీ నిండా గ్రూప్స్ పరీక్షల పుస్తకాలు. ఈ రెంటి మధ్య పదమూడేళ్ల వాళ్లకు తెలుగులో ఏముంది? అందుకే వాళ్లు ఇంగ్లిష్ స్టాలుకు నడుస్తారు. ఆడమ్ గిడ్విట్జ్ 2010లో రాసిన పుస్తకంలో రాజు నమ్మిన బంటు కోసం కన్నబిడ్డల తలలే నరుకుతాడు. కథకుడు మధ్యమధ్య ఆగి, చిన్నపిల్లలుంటే బయటికి పంపేయమంటాడు. అలా ఆగి ఊరించడం మన నాయనమ్మలు చేసిన పనే.

పిల్లల కథల్లో ఈ చీకటి కొత్త పైత్యమనుకుంటే పొరపాటు. గ్రిమ్ సోదరుల 1812 కూర్పులో స్నోవైట్‌ను చంపించబోయింది కన్నతల్లే. 1819కల్లా ఆమె సవతితల్లి అయింది. చీకటే పాతది, వెల్లవేయడం తర్వాతి సంగతి.

మన సంగతికొస్తే, నారాయణగూడ బాలానంద సంఘం పేరు వింటే గుర్తొచ్చే రేడియో అన్నయ్య, అక్కయ్యల ‘బాల’ పత్రికలో 1945లో ముళ్లపూడి వెంకటరమణ తొలి కథ వచ్చింది. పేరు ‘అమ్మ మాట వినకపోతే’. ఆ రచయితే తర్వాత ఎవరి మాటా వినని బుడుగును కూడా ఇచ్చాడు! పెద్దల లోకాన్ని పిల్లవాడి ఎత్తు నుంచి చూడటం మనకు రాని విద్య కాదు. పాత కథను తిరగేసి అడగడమూ వచ్చు. ఓల్గా ‘విముక్త’లో సీత శూర్పణఖ తోటకు వెళ్తుంది. అది పెద్దల అర. పిల్లల అరకు ఆ ధైర్యం ఇంకా దిగలేదు. బడులు కొనవేమో, తల్లిదండ్రులు కోప్పడతారేమో అన్న బెంగ ప్రచురణకర్తకు ఉంటుంది, కాదనలేం.

కానీ ఉయ్యాలలోని ఆ పసివాడి సంగతి చూడండి. పెద్దమ్మల చేతుల్లో పెరుగుతాడు. తల్లి బతికే ఉందని ఒకనాడు తెలుస్తుంది. ఇన్నాళ్లూ ఎందుకు దాచారని వాళ్లను నిలదీశాడా? ఫకీరు కోటలో తొలిసారి ఎదురుపడ్డప్పుడు అమ్మను అమ్మగా పోల్చుకోగలిగాడా? ఫకీరు ప్రాణం చిలుకలో ఉందని అందరికీ తెలుసు. ఈ రెండు ప్రశ్నలతో తెలుగులో ఎవరైనా బాలనాగమ్మను మళ్లీ రాస్తే, కొనేవాళ్ల వయసెంతో చూడాలని ఉంది.