చూస్తున్నది మనమే

1960 ఫిబ్రవరి 27. అమెరికాలోని నాష్‌విల్‌లో నల్లజాతి విద్యార్థులు, వాళ్లతో కొద్దిమంది తెల్లవాళ్లు, పెద్ద దుకాణాల్లోని భోజనం బల్లల దగ్గర కూర్చున్నారు. అప్పట్లో నల్లవాళ్లు ఆ దుకాణాల్లో సరుకు కొనవచ్చు, కూర్చుని తినకూడదు. అది సహించని గుంపు వాళ్ల మీదపడింది. కుర్చీల్లోంచి లాగి కొట్టారు, ఒంటిమీద సిగరెట్లు ఆర్పారు. పోలీసులు వచ్చి దెబ్బలు తిన్నవాళ్లనే పట్టుకెళ్లారు. ఖాళీ అయిన కుర్చీల్లో మరో జట్టు వచ్చి కూర్చుంది.

ఆ ఓర్పు సాధనతో వచ్చింది. నాగ్‌పూర్‌లో కొన్నేళ్లుండి గాంధీ పద్ధతులు చదువుకుని వెళ్లిన జేమ్స్ లాసన్ వాళ్లకు శిక్షణ ఇచ్చాడు. కొందరు దుండగుల వేషం కట్టి తోటివాళ్లను బూతులు తిట్టేవాళ్లు, ముఖాన పొగ ఊదేవాళ్లు, కుర్చీ లాగి కిందపడేసేవాళ్లు. పడ్డవాడు తల ఎలా కాచుకోవాలో, కొట్టేవాడి కళ్లలోకి ఎలా చూడాలో నేర్చుకునేవాడు.

కొట్టేవాడికి ఎదురుదెబ్బ కావాలి. అది తగిలిందా, చూసేవాళ్లు "ఇద్దరూ ఇద్దరే" అని తలుపులేసుకుంటారు. తగలకపోతే తప్పెవరిదో దాచడం కష్టం. అందుకే అహింసా పోరాటం కొట్టేవాడికన్నా చూసేవాడి మనసునే ఎక్కువగా కదిలిస్తుందని నా నమ్మకం.

ఏప్రిల్ 19న ఆ విద్యార్థుల తరఫు న్యాయవాది ఇంటిమీద బాంబు వేశారు. అదే రోజు వేలమంది మౌనంగా నగర కార్యాలయానికి నడిచారు. రంగును బట్టి మనిషిని వేరు చేయడం తప్పా కాదా అని డయాన్ నాష్ అనే విద్యార్థిని మేయర్‌ను నిలదీసింది. తప్పేనని ఆయన ఒప్పుకున్నాడు. అప్పటికే నల్లజాతి కుటుంబాలు ఆ దుకాణాల గడప తొక్కడం మానేశాయి, వ్యాపారం పడిపోయింది. మే 10న బల్లలు అందరికీ తెరుచుకున్నాయి.

ఇక్కడ ఆ చూసేవాళ్లం మనమే. మన ఊళ్లో అంగన్‌వాడీ కార్యకర్తలో, భూమి పోయిన రైతులో టెంటు వేసుకుని కూర్చుంటే మన నోట మొదట వచ్చే మాట ట్రాఫిక్ గురించి. రెండో మాట, వీళ్ల వెనక ఎవరున్నారని. ఆ టెంటు పీకేవాళ్లకు మన ఈ విసుగే బలం. టెంటులో కూర్చున్నది మన పిల్లలకు అన్నం పెట్టినవాళ్లు, మన కోసం ధాన్యం పండించినవాళ్లు. రేపు దారిలో టెంటు కనిపిస్తే బండి ఆపండి. కరపత్రం అడిగి తీసుకోండి, ఏం కావాలో వాళ్ల నోటే వినండి. కోరిక న్యాయమనిపిస్తే ఇంట్లో, ఆఫీసులో, ఓటడగడానికి వచ్చిన నాయకుడి ముందు పైకి చెప్పండి. లాఠీ లేచిన రోజున ఫోనులో వీడియో తీసి ఊరుకోకండి, వాళ్ల పక్కన వెళ్లి నిలబడండి.