కంచెలు లేని పొలము, కట్టుబాటు గల గ్రామము

పదిమంది చేతిలో పాము చావదను సామెతను మనవారు సభలలో తరచుగ వినిపించుచుందురు. ఊరి పశువుల బీడును ఒకనికి వ్రాసి యీయదలచినప్పుడును, చెరువు శిఖమును ఇండ్ల స్థలములుగ కోయదలచినప్పుడును ఈ సామెతయే ముందు నడచును. దాని వెనుక కొలగొలుసు నడచును. ఇప్పుడు దీనికి శాస్త్రప్రమాణము కూడ దొరకినది. 1968వ సంవత్సరమున గారెట్ హార్డిన్ అను అమెరికా జీవశాస్త్రజ్ఞుడు ఒక వ్యాసము ప్రకటించి, అందరికిని తెరచియున్న పచ్చికబయలుపైకి ప్రతి కాపరియు తన లాభమునకై మరియొక పశువును తోలుననియు, తుదకు బయలే నశించుననియు వాదించెను. నాటినుండి ఉమ్మడి సొత్తనగా చెడిపోవు సొత్తని చదువుకొన్నవారు కూడ నిశ్చయించుకొనిరి. ఈ నిశ్చయము తప్పని చెప్పుటకే యీ వ్యాసము.

సాక్ష్యమునకై పురాణములను వెదకనక్కరలేదు. ఇంగ్లాండు దేశమున నాటింగ్‌హామ్‌షైరులో లాక్స్‌టన్ అను చిన్న గ్రామము గలదు. 1086లో విలియము రాజు కాలమున వ్రాయబడిన డూమ్స్‌డే లెక్కలలోనే దాని పేరు కనబడుచున్నది. 1635లో ఆ యూరి భూస్వామియగు సర్ విలియం కోర్టెన్ అను లండను వర్తకుని కొరకు మార్క్ పియర్స్ అనునతడు గ్రామమంతయు కొలిచి వ్రాసిన పటము నేటికిని ఆక్స్‌ఫర్డు నగరమందలి బాడ్లియన్ గ్రంథాలయమున భద్రముగ నున్నది. అందు ఇండ్లును, బాటలును, ఒక్కొక్కరి పొలపు పట్టెలును మాత్రమే గాక, దున్నువారు, కోయువారు, మేయు పశువులు కూడ చిత్రింపబడియున్నారు. ఆ పటమునందలి పొలములలో మూడు, అనగా పడమటి పొలము, మిల్లు పొలము, దక్షిణపు పొలము, నేటికిని అవే పేర్లతో, అదే పద్ధతిని సాగగుచున్నవి. ఇంగ్లాండు దేశమంతట ఒకప్పుడు సామాన్యమైయుండిన యీ సేద్యపద్ధతి, దానిని నడుపు గ్రామసభతో గూడ, చెడక నిలిచిన చోటు ఇదియే.

పద్ధతి యెట్టిదనగా: ఈ పెద్దపొలముల లోపల కంచెలు లేవు. ప్రతి పొలమును పొడవాటి పట్టెలుగ భాగింపబడియున్నది. ఒక్కొక్క రైతునకు మూడు పొలములలోను అక్కడక్కడ పట్టెలుండును. మంచి నేల యంతయు ఒకనికి, చవుడు మరియొకనికి రాదు. ఒక పొలమున గోధుమ, వేరొకదానిలో వసంతకాలపు పైరు, మూడవది బీడు. ఏటేట ఈ వరుస తిరుగుచుండును. ఎవని పట్టె వానిదే యైనను, ఎవడును తన యిష్టము వచ్చిన పైరును ఇష్టము వచ్చిన పొలమున వేయజాలడు. వ్యష్టి కృషియు సమష్టి నియమమును ఒకే చాలులో నడచుచున్నవి. దున్నుటకు వీలుకాని పల్లపు పచ్చికపట్లు, సైకులని పేరు గలవి, ఉమ్మడివి. వాని గడ్డిని ఏటేట వేలము వేయుదురు. రైతుల ఇండ్లు పొలములలో ఒంటరిగ గాక, మన యూళ్లలోవలెనే నడివీధి కిరుప్రక్కల నున్నవి. ఒకనికొకడు మొగము చూపక బ్రతుకుట అచ్చట అసాధ్యము.

ఈ నియమమును కాపాడునది యేది? పోలీసులు కారు, రెవిన్యూ ఇన్‌స్పెక్టరు గాడు. ఊరి రైతులే. ప్రతి సంవత్సరమును నవంబరు మాసాంతమున గ్రామపు జూరీ ఆ యేటి గోధుమ పొలమునకు నడచిపోయి, పట్టెపట్టెకును హద్దు చూచి, కొయ్యలు పాతును. బాటమీదికి నాగలి జరిపినవానిని, పచ్చికపట్టును దున్నినవానిని, కాలువ పూడిక తీయనివానిని గుర్తించి వ్రాసికొనును. ఒక వారము పిమ్మట కోర్టు లీటు అను గ్రామ న్యాయసభ డవ్‌కోట్ అను ఊరి పానశాలలో చేరును. భూస్వామి తరఫున స్టివార్డు అధ్యక్షత వహించును. జూరీవారు తాము చూచినది చెప్పుదురు. తప్పునకు జరిమానా విధింతురు. మరుసటి యేటికి క్రొత్త జూరీ ప్రమాణము చేయును. జరిమానా సొమ్ము స్వల్పము. కాని తోటి రైతుల యెదుట పేరు చదువబడుట స్వల్పము గాదు. కోర్టులలో గట్టు తగవులు ఒక తరమువారు దావా వేయగా మరియొక తరమువారు డిక్రీ పొందుట చూచుచున్న మాబోటి న్యాయవాదులకు, హద్దు తగవు ఒక వారములో తేలు న్యాయస్థానము భూమిమీద గలదనుట సిగ్గును ఆశను గూడ కలిగించును.

ఇది వేడుకకై మిగిల్చిన బొమ్మకొలువు గాదు. 1977లో ఇంగ్లీషు పార్లమెంటు న్యాయపరిపాలనా చట్టము చేసి, పాతకాలపు కోర్టు లీటుల అధికారమును రద్దుపరచినప్పుడు, లాక్స్‌టన్ సభను మాత్రము పేరుపెట్టి మినహాయించెను. భూమి చేతులు మారినది: 1952లో ఎర్ల్ మాన్వర్స్ దీనిని వ్యవసాయ మంత్రిత్వశాఖకు అమ్మెను, 1981లో క్రౌన్ ఎస్టేటునకు వచ్చెను, 2020లో మాన్వర్స్ వంశీకుల తోర్స్‌బీ ఎస్టేటునకే తిరిగి చేరెను. యజమానులు మారిరి, సభ మారలేదు.

ఇక తక్కిన ఇంగ్లాండు గ్రామముల గతి యేమైనది? 1604 మొదలు 1914 వరకు 5,200లకు పైగా కంచెల చట్టములు పార్లమెంటులో నెగ్గినవి. అరువదియెనిమిది లక్షల ఎకరములు, అనగా ఇంగ్లాండు భూమిలో అయిదవ వంతునకు పైగా, వీనివలన కంచెలలో పడినది. ఈ చట్టములకు ఊరివారి సమ్మతిని తలలనుబట్టి గాక, భూమి విలువనుబట్టి లెక్కించిరి. పెద్దభూస్వామి ఒక్కడు నూరుగురు పేదల నోరు మూయగలిగెను. కమీషనర్ల ఖర్చును, కంచె ఖర్చును భరింపలేని చిన్నరైతు తన వంతు అమ్ముకొనెను. ఒక యావును ఉమ్మడి బీడున మేపుకొని, పొదలలో వంటచెరకు ఏరుకొని బ్రతికిన కూలివాడు, ఆ యావును ఆ కట్టెలను ఒక్కనాడే కోలుపోయెను. హామండ్ దంపతులు 1911లో ప్రకటించిన గ్రామ కూలివారి చరిత్రయందు ఈ కథయంతయు కలదు. ఉమ్మడి భూమి తనంతట తాను నశింపలేదు, చట్టముచే నశింపజేయబడినది. హంతకుడే వచ్చి మృతునిది సహజమరణమని సాక్ష్యము చెప్పినట్లున్నది నేటి వాదము.

హార్డిన్ పండితుని పొరపాటు ఇప్పుడు స్పష్టము. ఆయన వర్ణించిన బయలు ఎవరిదియు గాని బయలు; లాక్స్‌టన్ పొలము అందరిదియు నైన పొలము. ఎవరిదియు గానిదానికి కాపు లేదు. అందరిదైనదానికి హద్దు గలదు, వంతు గలదు, జూరీ గలదు, బందెలదొడ్డి గలదు. ఈ భేదమును హార్డినే తరువాత కొంత యొప్పుకొని, తాను చెప్పినది నిర్వహణ లేని ఉమ్మడిని గూర్చి యనెను. ఎలినార్ ఆస్ట్రమ్ అను విదుషీమణి అనేక దేశముల చెరువులను, అడవులను, పచ్చికబయళ్లను పరిశీలించి, అనుభవించువారే నియమము చేసి, వారే కాచి, వారే శిక్షించుచోట ఉమ్మడి సొత్తు తరతరములు నిలుచునని 1990లో నిరూపించెను. 2009లో అర్థశాస్త్రమునందు నోబెల్ బహుమానము నందిన మొదటి స్త్రీ ఆమెయే.

ప్రతిపక్షుల ఆక్షేపణలను దాచము. లాక్స్‌టన్ రైతులు కౌలుదారులే, భూమి యొక ఎస్టేటుదే యందురు, నిజము. 1635నాటి విస్తీర్ణము నేడు లేదు, మిగిలినది ఐదువందల ఎకరములకు లోపే యందురు, నిజము. ఇరువదవ శతాబ్దారంభమున పట్టెలను కలిపి పెద్దవి చేసిరందురు, అదియు నిజము. మేము భూస్వామిత్వమును పొగడుట లేదు. అంతటి భూస్వామి నీడలో గూడ రైతులు తమ హద్దులను తామే కాచుకొనగలిగినప్పుడు, స్వతంత్రులైనవారు కాచుకొనలేరనుట ఎట్టి తర్కమని మాత్రమే యడుగుచున్నాము.

ఈ ప్రశ్న మన గడపలోనికి రాక మానదు. ఏలయన, తమ గ్రామముల బీళ్లకు కంచెలు వేసిన పాలకవర్గమే మన బీళ్లకును చట్టములు చేసెను. 1830లో చార్లెస్ మెట్‌కాఫ్ మన గ్రామములను చిన్న గణరాజ్యములని వ్రాసెనని మనము గర్వింతుము. ఆ గణరాజ్యములను పొగడిన ప్రభుత్వమే 1882లో మద్రాసు అడవుల చట్టమును, 1905లో భూమి ఆక్రమణ చట్టమును చేసి, అడవిని రక్షితమనియు, బాటలు, చెరువులు, పోరంబోకు సర్కారు సొత్తనియు శాసించెను. అడవిలో పశువులు మేపినందుకు పుల్లరి చెల్లించమన్న పల్నాటి రైతుల నాయకుడు కన్నెగంటి హనుమంతు 1922లో తుపాకి గుండ్లకు బలియయ్యెను. ఊరిది సర్కారుదైన పిమ్మట, సర్కారుది ఎవరిదియు గానిదైనది. ఎవరిదియు గానిది బలవంతునిదైనది. 2011లో పంజాబులోని ఒక గ్రామపు చెరువు వ్యాజ్యమున సుప్రీముకోర్టు, ఊరుమ్మడి భూములనుండి ఆక్రమణదారులను తొలగించి, వానిని గ్రామమునకు తిరిగి యిప్పించు పథకములను సిద్ధపరచుమని రాష్ట్రములన్నిటిని ఆదేశించినది. తీర్పు వచ్చినది, కొయ్య పాతువాడేడి?

అయినను పూర్వకాలపు పల్లెను కీర్తించువారికొక హెచ్చరిక. మెట్‌కాఫ్ చెప్పిన గణరాజ్యమున ఊరిబావి దగ్గరకు రానీయబడని వారెందరో యుండిరి. లాక్స్‌టన్ జూరీలో గూడ పట్టెలేని కూలివానికి పీట లేదు. ఊరుమ్మడి బీడు నిజముగ ఎవరి బ్రతుకునకు ఆధారమో, అట్టి మేకలకాపరియు, కట్టెలమోపు మోయు స్త్రీయు, మాలమాదిగ పల్లెలవారును కూర్చొనని సభ, పేరు మార్చిన జమీయే యగును.

కావున మనకు కావలసినది క్రొత్త చట్టముకంటె ముందు ఒక పాత యలవాటు: ఊరివారందరు ఏటికొకమారు తమ చెరువు చుట్టును, తమ బీడు చుట్టును నడచి, హద్దు చూచి, తప్పు చేసినవాని పేరు, వాడెంత పెద్దవాడైనను, గ్రామసభలో బిగ్గరగ చదువుట. ఆ సభ విధించిన జరిమానాను పైయధికారి రద్దుచేయకుండుట. పాము చావకుండుట పదిమంది చేతులవలన గాదు. ఆ చేతులలోని కఱ్ఱను లాగికొన్నందువలన. కఱ్ఱను తిరిగి యిచ్చి చూడుడు.