తడిగా ఉంచాలా, ఆరనివ్వాలా?

చిలకలూరిపేట నుంచి ఒక సోదరి వ్రాశారు: "మా అమ్మాయి బుగ్గలమీద మొటిమల గుంటలకి నిన్న లేజరు చేయించాము. వేజలైను రాసి తడిగా ఉంచమన్నాడు డాక్టరు. తడిగా ఉంటే చీము పడుతుంది, పసుపు అద్ది దూది పెట్టమంటారు మా అత్తగారు. మాఘంలో పెళ్లి. ఎవరి మాట వినేది?"

ఈసారికి డాక్టరు మాటే వినండమ్మా. అలాగని అత్తగారిని తప్పుపట్టకండి. గాయం ఆరితేనే మానుతుందని ఒకప్పుడు చాలామంది వైద్యులే అనుకునేవారు. 1962లో ఇంగ్లండులో జార్జి వింటర్ అనే ఆయన పందుల చర్మంమీద చిన్న గాయాలు చేసి, కొన్నిటిని గాలికి వదిలాడు, కొన్నిటిమీద పాలిథీన్ పొర కప్పాడు. కప్పినచోట కొత్త చర్మం ఇంచుమించు రెట్టింపు వేగంతో వచ్చింది. పక్కు కడితే కొత్త కణాలు దాని అడుగునుంచి దారి చేసుకుపోవాలి. తడి ఉంటే తిన్నగా పైనే పాకుతాయి.

లేజరు చర్మం పైపొరను కాల్చి తీసేస్తుంది. (ఇందుకు వాడే కార్బన్ డయాక్సైడు లేజరును 1964లో అమెరికాలో కనిపెట్టింది మన దేశంలో పుట్టిన కుమార్ పటేలే!) అటువంటి పచ్చి చర్మానికి దూది పోగులు అతుక్కుంటాయి. లాగితే కొత్త చర్మమూ ఊడివస్తుంది. మన పొలాల్లో పత్తికి కొదవలేదు గాని, ఇక్కడ పనికిరాదు. దుగ్గిరాల పసుపైనా సరే, వంటింటి డబ్బాలోది శుభ్రం చేసిన మందు కాదు. పైగా ఆ రంగులో ఎరుపు, చీము కనబడవు.

అంటుకోని సిలికోను, హైడ్రోజెల్ పట్టీలు కూడా ఉన్నాయి. మొదటి ఒకటి రెండు రోజులు మంట బాగా తగ్గిస్తాయి. కాని ఖరీదు. రోజుల తరబడి విప్పకపోతే వాటికింద చెమట, రసి నిలిచి సూక్ష్మజీవులు చేరతాయి. మన ఎండలకి నాకు వేజలైనే మేలనిపిస్తుంది. చవక, రోజుకి నాలుగైదుసార్లు కడిగి రాసుకోవచ్చు. జిడ్డని అమ్మాయి విసుక్కుంటుంది, విసుక్కోనివ్వండి.

మిరపకాయల తొడిమలు తీసిన చేతులతో మాత్రం మందు రాయకండి! సబ్బుతో కడిగినా ఆ ఘాటు ఒకపట్టాన వదలదు.

పక్కు గిల్లినా, ఎండ తగిలినా మనవంటి చామనఛాయ చర్మం నల్లబడి నెలల తరబడి అలాగే ఉంటుంది. రెండుమూడు రోజులకి నొప్పి తగ్గడానికి బదులు పెరిగినా, చీము, చిన్న నీటిపొక్కులు, జ్వరం కనిపించినా ఆ పూటే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లండి.

పసుపు మాత్రం పెళ్లికూతుర్ని చేసేనాటికి దాచి ఉంచమన్నానని అత్తగారికి చెప్పండి.