నారు పాలిపోతే చేతిదా తప్పు?

బంతినారు పసుపెక్కినా, చామంతి మొలక ఎదగకపోయినా మన ఇళ్ళల్లో మొదట వినబడే మాట: "నీ చేయి మంచిది కాదులేమ్మా." రెండో మాట ఇంకా ఘోరం: "బయట ఉన్నప్పుడు ముట్టుకున్నావేమో, అందుకే మాడింది." తిరుపతిలోనూ ఇదే, చిత్తూరులోనూ ఇదే. మొక్కకు అంటు కడతారు, ఆడదానికి అంటు అంటగడతారు.

ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మొక్క తన జబ్బు దాచుకోదు. ముందు ఏ ఆకు పాలిపోయిందో చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది.

కింది ముసలాకులు మొత్తంగా పాలిపోయి చిగురు పచ్చగా ఉంటే నత్రజని చాలలేదు. పాత ఆకుల్లోంచి తీసి మొక్క చిగురుకు పెట్టుకుంటోంది. ముసలాకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపైతే మెగ్నీషియం తక్కువ. అదే లక్షణం లేత చిగురులో కనిపిస్తే ఇనుము అందలేదు. ఇనుము పాత ఆకు వదిలి కొత్త ఆకుకు పోదు. మన్ను ఎప్పుడూ తడిగా ఉండి ఆకులు వేలాడితే వేరు కుళ్ళుతోంది. దానికి ఎరువు కాదు, నీళ్ళు ఆపడమే మందు. విత్తులోంచి వచ్చిన మొదటి రెండాకులు కొన్నాళ్ళకు పండి రాలడమైతే జబ్బే కాదు.

మన వైపు చిగురు పాలిపోతే ముందు నీళ్ళను అనుమానించాలి. బిందె అడుగున తెల్లపొర కట్టే బోరు నీళ్ళే కుండీలకూ పోస్తాం. సున్నం ఎక్కువైన మన్నులో ఇనుము ఉన్నా వేరుకు అందదు. దానికి మళ్ళీ గుడ్డు పెంకుల పొడి వేస్తారు. అదీ సున్నమే కదా!

సున్నపు నేలలో శెనక్కాయ పైరు పాలిపోతే రైతు ఏం చేస్తాడు? పెళ్ళాం ముట్టుకుందా అని అడగడు. లీటరు నీళ్ళకు 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి పిచికారీ చేస్తాడు. మన లేత నారుకు అందులో సగం చాలు. కయ్యలో జబ్బయింది, పెరట్లో పాపం ఎట్లయింది?

"పెద్దవాళ్ళ మాట ఊరికే పోదు" అంటారు. సరే, ముట్టే కారణమైతే ఈనెలు పచ్చగా ఎందుకు మిగిలాయి? అదే చేత్తో నాటిన పక్క కుండీలో కనకాంబరం ఎందుకు బాగుంది? పూలతోటల్లో మల్లెలు, చామంతులు కోసేది ఎక్కువగా ఆడకూలీలే. పూత మీదున్న తోట నెలకు నాలుగు రోజులు ఆగదు. ఆ పూలనే మనం దేవుడికి పెడుతున్నాం.

ఈసారి ఎవరైనా ఆ మాట అంటే కుండీ వాళ్ళ ముందు పెట్టి, "పసుపెక్కింది పైఆకా, కిందాకా, చూసి చెప్పండత్తా" అని అడగండి. ముఖ్యంగా ఇంట్లో ఆడపిల్ల వింటున్నప్పుడు అడగండి. తను నాటిన మొక్క వాడినప్పుడు ఆ పిల్ల తన చేతిని కాదు, ఆకును చూసుకోవాలి.