చాలు అయితది సరే... ఆగుతదా?

సినిమాలో మోటార్ సైకిల్ ఎప్పుడూ ఒక్క కిక్కుకే స్టార్టవుతుంది. గమనించారా? విలన్ హీరోయిన్‌ని కారులో ఎత్తుకుపోతుంటే, హీరో బండి దగ్గరికి పరిగెత్తుకొచ్చి, పెట్రోల్ కాక్ తిప్పి, చోక్ లాగి, పదకొండో కిక్కు కూడా కొట్టి, ఆనక ప్లగ్గు విప్పి చొక్కా అంచుతో తుడుచుకోవడం నేనైతే ఇంతవరకూ చూడలేదు. అలా తీస్తే రెండు రీళ్లు దానికే సరిపోవు. ఈలోగా విలన్ పెళ్లి చేసుకుని పిల్లల్ని బళ్లో కూడా వేసేస్తాడు!

కానీ సినిమా చూసి బయటికొచ్చిన కుర్రాడికి మాత్రం ఆ ఒక్క కిక్కే బుర్రలో ఉంటుంది. 1973లో రాజ్ కపూర్ 'బాబీ' వచ్చింది. రిషీ కపూర్, డింపుల్ కపాడియా ఎక్కిన ఆ చిన్న చక్రాల రాజ్‌దూత్ అసలు పేరు జి.టి.ఎస్. 175. ఆ పేరు ఎవరికి గుర్తుంది? దేశమంతా దాన్ని 'బాబీ బండి' అనే పిలిచింది. తమాషా ఏమిటంటే, దాని కడుపులో ఉన్నది మన పల్లెటూళ్లలో పాల క్యాన్లు మోసిన మామూలు రాజ్‌దూత్ ఇంజనే! ఫరీదాబాద్‌లో ఎస్కార్ట్స్ వాళ్లు తయారుచేసిన ఆ మామూలు రాజ్‌దూత్ కూడా పుట్టుకతో మనది కాదు. పోలండ్ దేశపు ఎస్.హెచ్.ఎల్. అనే బండి నమూనా. మూడే గేర్లు, టూ స్ట్రోకు ఇంజను, ముందు చక్రానికి ఎడ్లబండి కాడిలాంటి ఫోర్కు. దాని ప్రకటనల్లో ధర్మేంద్ర కనిపించేవాడు. 'షోలే'లో సైడ్‌కారు బండి మీద అమితాబ్‌ని కూర్చోబెట్టుకుని పాటపాడుతూ తిరిగిన ఆ ధర్మేంద్రే. ఆయన ముఖం చూసి ఎన్ని ఊళ్లలో ఎంతమంది రైతులు ఆ బండి కొన్నారో లెక్క చెప్పలేను గానీ, ఒకటి మాత్రం నాకు తెలుసు. అది ఝరాసంగంలో మా అక్కగారింట్లో పశువుల కొట్టం గోడకి ఆనుకుని ఉంది.

ఝరాసంగం అంటే తెలుసుగా? జహీరాబాద్ దగ్గర... కేతకీ సంగమేశ్వరుడి గుడి ఉన్న ఊరు. మొగలిపువ్వు శివపూజకు పనికిరాదని అన్నిచోట్లా చెబుతారు, ఇక్కడి స్వామికి మాత్రం అదే ప్రీతి. శివరాత్రి జాతరకు కర్ణాటక నుంచీ, మహారాష్ట్ర నుంచీ కూడా జనం వస్తారు. మా బావగారి నాయన ఆ రాజ్‌దూత్ మీద అల్లం బస్తా వేసుకుని ఎర్రమట్టి దారిన జహీరాబాద్ మార్కెట్‌కు పోయేవాడట. ముసలాయన మంచంపట్టిన నాటినుంచి బండీ మూలపడింది. ఆయన పోయి ఆరేళ్లు. బండిని ఎవరూ ముట్టుకోలేదు, కోళ్లు తప్ప.

మొన్న మా మేనల్లుడు ఫోను చేశాడు. డిగ్రీ చదువుతున్నాడు. గొంతు బొంగురుపోయింది.

"మామా, నాయిన తాత బండి పాత సామాన్లోనికి ఇచ్చేస్తా అంటున్నడు. ఇనుము ధరకు! అయితారం వస్తడట వాడు. నేను తొంభైసార్లు కిక్కు కొట్టిన, చాలు అయితలేదు. చాలు అయితే ఉంచుతనన్నడు. నువ్వు రావాలె."

తొంభైసార్లు! కాలి మడమ వాచిపోయిందట. ఇది ఈ వీక్లీ చదివే కుర్రకారు అందరికీ చెబుతున్నాను. మూడు కిక్కులకు రాని బండి ముప్పైకీ రాదు. కాలికి పని ఆపి కంటికి పని పెట్టాలి.

శుక్రవారం మధ్యాహ్నానికి అక్కడున్నాను. బావగారు మంచంమీద కూర్చుని, "ఏం బామ్మర్దీ, సినిమాలు రాసుడు ఇడిసిపెట్టి మేస్త్రీవైనవా?" అన్నాడు. అక్క చాయ్ ఇచ్చింది. ఆవిడది ఇంకో భయం. బండి స్టార్టయితే కొడుకు దాని మీద రోడ్డెక్కుతాడని.

ఇంజను ఏదైనా సరే, దానికి కావలసినవి మూడు. పెట్రోలు, నిప్పు, బిగువు. బిగువంటే మెకానిక్కులు కంప్రెషన్ అంటారు. ముందు అది చూశాం. ఎందుకంటే అది లేకపోతే మిగతా రెండూ ఉన్నా దండగే. ప్లగ్గు విప్పి ఆ కన్నం మీద బొటనవేలు గట్టిగా ఆనించి, మేనల్లుణ్ణి కిక్కు కొట్టమన్నాను. ఫట్‌మని వేలు ఎగిరింది. పిస్టను రింగులు ఇంకా పట్టు వదల్లేదన్నమాట. ముసలాయన ఆయిలు కల్పకుండా ఏనాడూ నడపలేదు మరి. ఈ తరం పిల్లలకు తెలియదు గాని, టూ స్ట్రోకు బండికి పెట్రోల్లోనే ఆయిలు కలపాలి. లీటరుకు సుమారు 40 మిల్లీలీటర్లు. అది తగ్గితే పిస్టను పట్టేస్తుంది, పెరిగితే ఊరంతా పొగ.

విప్పిన ప్లగ్గును చూడండి. అదే సగం కథ చెప్పేస్తుంది. తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది, నిప్పు లేదు. పొడిగా ఉంటే పెట్రోలే రావడం లేదు. మాది పొడిగా ఉంది. "అయితే పెట్రోల్ దిక్కే సూద్దాం మామా" అన్నాడు వాడు. ఆగమన్నాను. ఒక విలన్ దొరికాడని రెండోవాణ్ణి వదిలేస్తే ఎలా? ప్లగ్గును క్యాపులో పెట్టి, దాని ఒంటిని ఇంజను హెడ్డుకు ఆనించి, కన్నం మీద గుడ్డ కప్పి కిక్కు కొట్టించాను. (గుడ్డ మరచిపోవద్దు. లోపలినుంచి పెట్రోలు ఆవిరి చిమ్మితే పక్కనే నిప్పురవ్వ ఉంటుంది. బీడీ కాల్చే పెద్దమనుషుల్ని కూడా దూరంగా పంపండి.) నీలంగా చిటుక్కున మెరవాల్సింది, చీకట్లో మిణుగురులాగా ఎర్రగా ఒక్కసారి వెలిగి ఆరిపోయింది.

ఇక్కడే చాలామంది కొత్త ప్లగ్గు కొని తెస్తారు. తేండి, తప్పులేదు. కానీ మూలపడ్డ పాతబండిలో దొంగ ప్లగ్గు దగ్గర ఉండడు. మాగ్నెట్ మూత కింద ఉంటాడు. అక్కడ పాయింట్లు అని రెండు చిన్న లోహపు ముక్కలు కలుస్తూ విడిపోతూ ఉంటాయి. అవి విడిపోయిన క్షణానే కాయిల్లో నిప్పు పుడుతుంది. ఏళ్ల తరబడి కదలకపోతే వాటి మధ్య తుప్పు పొర కడుతుంది. కరెంటు దాటదు. సన్నటి ఎమరీ కాగితం మడిచి మధ్యలో పెట్టి మెల్లగా నాలుగుసార్లు లాగాం, ఆ తర్వాత తెల్లకాగితం. మొదటి కాగితం నల్లగా వచ్చింది, రెండోది బూడిదగా, నాలుగోది తెల్లగా. ఫిల్లర్ గేజి పెట్టి సందు సరిచేశాం. అర మిల్లీమీటరుకు కాస్త తక్కువ. మళ్లీ కిక్కు... నీలం! వాడి ముఖంలో కూడా.

ఇక పెట్రోలు. కార్బొరేటరు దగ్గర పైపు తీసి కాక్ తిప్పితే ధారగా రావాలి. రోగికి సెలైను ఎక్కించినట్టు చుక్కచుక్కగా వచ్చింది, అదీ చాయ్ రంగులో. ట్యాంకులో తుప్పు! పైగా వాడు పాత పెట్రోలు మీదే కొత్తది పోశాడు. ఇప్పుడొచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. 2025 నుంచి దేశమంతా దాదాపు ఇదే. ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది. ఎప్పుడో అది లేని రోజుల్లో చేసిన బండ్ల రబ్బరు పైపుల్ని, వాషర్లని మెత్తబరుస్తుంది. పాత బండిని వాడకుండా నిలబెట్టేటట్టయితే ట్యాంకు ఖాళీ చేసి నిలబెట్టండి.

ట్యాంకు దించి కొంచెం పెట్రోలు పోసి, ఒక సైకిల్ చైను ముక్కకు తీగ కట్టి లోపల వేసి ఊపాం. 'శివ'లో నాగార్జున చేతిలో 1989 నుంచీ పేరు పడ్డ చైనుకు ఇలాంటి మంచిపని కూడా ఒకటుంది! కొందరు గులకరాళ్లో నట్లో వేస్తారు. వేస్తే లెక్కపెట్టి వేయండి, లెక్కపెట్టి తీయండి. నాలుగు విడతలు కడిగేసరికి రంగు తేరింది. కార్బొరేటరు గిన్నె అడుగున జిగురు. ఎండిన పెట్రోలు మిగిల్చిన బంక. జెట్టు కన్నం సూదిమొన అంత ఉంటుంది. దాన్ని గుండుసూదితో పొడిచారా, కన్నం పెద్దదైపోయి బండి జీవితాంతం పెట్రోలు తాగుతూనే ఉంటుంది. వైరులోని ఒక్క రాగిపోగు చాలు, ఆపైన సైకిల్ పంపుతో గాలి.

శనివారం పొద్దున అన్నీ బిగించి కిక్కు కొట్టాడు. ఒక్కసారి 'ఫట్' అని దగ్గి ఊరుకుంది. మళ్లీ 'ఫట్'. ప్లగ్గు విప్పితే ఈసారి తడి. నిప్పుంది, పెట్రోలుంది, బిగువుంది. ఇంకేం కావాలి దీనికి? ముడుపు కట్టాలా?

ఊపిరి కావాలి. సైలెన్సర్ చివర అరచేయి పెట్టి చూస్తే కిక్కు కొట్టినా గాలి తగలడం లేదు. లోపలికి ఊచ పోనిస్తే ఎర్రమట్టి రాలింది... ఒక గుప్పెడు, రెండు గుప్పెళ్లు. మట్టిగూడు కట్టే కందిరీగ సైలెన్సరు గొట్టాన్ని తన ఇల్లుగా చేసుకుంది. లోపలికి పీల్చినది బయటికి పోకపోతే ఇంజను అయినా మనిషైనా ఎంతసేపు బతుకుతుంది!

మట్టంతా దులిపి, ప్లగ్గు తుడిచి, రెండో కిక్కుకు లేచింది. అబ్బ, ఆ చప్పుడు! 'డుబుడుబు' కాదు, రాజ్‌దూత్‌ది 'టకటకటక'... కొట్టం నిండా నీలిపొగ. గేదె తాడు తెంపుకుంది. కోళ్లు కంచె దాటాయి. అక్క కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని బయటికొచ్చింది. ఆ చప్పుడు విని బావగారు పొలం నుంచి మడమలు బురదతోనే వచ్చి నిలబడ్డాడు. చాలాసేపు ఏమీ అనలేదు. మేనల్లుడు ఆక్సిలేటర్ తిప్పుతూ హీరోలాగా ఒక చూపు చూశాడు.

"చాలు అయింది సరే. ఆగుతదా?" అన్నాడు బావగారు.

నిజం చెప్పొద్దూ, ఇన్నేళ్లుగా సినిమా బండ్ల మీద రాస్తున్నవాళ్లలో ఈ ప్రశ్న అడిగినవాడు నాకు తగల్లేదు. బ్రేకు మీద పాట పెట్టిన డైరెక్టరు ఎవరు? బావగారు వెనక చక్రం పైకెత్తి తిప్పి బ్రేకు తొక్కి చూపించాడు. చక్రం తీరిగ్గా, కూనిరాగం తీస్తూ తిరిగింది. "ఇదే బండి మీద మా నాయిన హైవే మీద లారీ ఎనక నుంచి ఎడ్లబండిలకు పోయిండు. బ్రేకు తొక్కిండు, పడలే. మోకాలు పోయింది. మంచం గట్లనే పట్టిండు. నీకు తెల్వదు లే."

మేనల్లుడు ఇంజను ఆపేశాడు. వాడికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఇనుము ధరకు అమ్మేస్తానన్న మాట వెనక డబ్బు లేదు.

మధ్యాహ్నమంతా బ్రేకుల మీదే కూర్చున్నాం. చెప్పొద్దూ, ఇంజను పనికంటే అదే పెద్ద పని. డ్రమ్ములు విప్పితే షూస్ మీద అద్దంలాగా నునుపు. అలా నునుపెక్కినవి పట్టవు, జారతాయి. గరుకు కాగితంతో రుద్దితే తాత్కాలికంగా పడతాయి గాని, లైనింగ్ పలచబడ్డవాటిని రుద్ది లాభంలేదు, మార్చాల్సిందే. ముందు బ్రేకు కేబులు లోపల రెండు పోగులు తెగి ఉన్నాయి. పైకి కనబడవు. లీవరు నొక్కినప్పుడు గరగరమంటే అదే. టైర్లలో గాలి నిలుస్తోంది, కానీ పక్కలు ఎండిన చెరువులాగా పగుళ్లు. రబ్బరుకు వయసు కిలోమీటర్లతోనే రాదు, ఏళ్లతోనూ వస్తుంది. ఇక ఆర్.సి. బుక్కు... మొదటి పదిహేనేళ్లు ఎప్పుడో దాటాయి, ఆపైన ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి, చేయించలేదు. అది లేకుండా రోడ్డెక్కితే పోలీసాయన ఆపే ముందే ఇన్సూరెన్సు ఆగిపోతుంది.

సాయంత్రానికి బావగారితో ఒప్పందం కుదిరింది. కొత్త షూస్, కేబుళ్లు, టైర్లు, కాగితాలు అన్నీ అయ్యేదాకా బండి గడప దాటకూడదు. వాకిట్లో తిప్పుకోవచ్చు, అదీ మొదటి గేర్లో. మేనల్లుడు మారుమాట్లాడకుండా ఒప్పుకున్నాడు.

అయితారం పాత సామాన్లవాడు తక్కెడతో సహా వచ్చాడు. బావగారు వాడికి తుప్పుపట్టిన కూలరు, రెండు చిల్లుల బిందెలు వేశాడు. వాడు రాజ్‌దూత్ వంక చూస్తే, "అది కాదు" అన్నాడు.

నేను బస్సుకు బయల్దేరుతుంటే పిలిచి కాగితం చేతిలో పెట్టాడు. టైర్ల సైజులు, షూస్ నంబరు, కేబులు పొడవు. చక్రం దగ్గర గొంతుక్కూర్చుని బట్టతో రుద్ది చదివి రాసినట్టున్నాడు, అక్షరాల మీద గ్రీజు.

"పుత్లీబౌలిలో దొరుకుతయంట. ఒరిజినల్ సూడు. ముందుది, ఎనకది రెండూ తే."

క్లచ్చు కూడా జారుతోంది. దాని సంగతి టైర్లు వచ్చాక.