కాళ్ళకు ఉప్పునీళ్ళు సరే... బీపీ చూపించారా?

నెలలు నిండేకొద్దీ కాళ్ళు బూరెల్లా పొంగితే "నీరు పట్టిందమ్మా, కాన్పయితే అదే పోతుంది" అంటారు పెద్దవాళ్ళు. "ఎప్సమ్ సాల్ట్ వేసిన నీళ్ళలో కాళ్ళు పెట్టుకో" అంటున్నాయి ఇప్పటి సెల్‌ఫోన్ వీడియోలు. పేరు కొత్తగా ఉన్నా ఇది మనకు తెలిసిన భేది ఉప్పే. అసలు పేరు మెగ్నీషియం సల్ఫేట్.

మరి గర్భిణి దీన్ని వాడొచ్చా? ఎలా వాడుతున్నామన్నదే ముఖ్యం.

గోరువెచ్చని నీళ్ళలో వేసి పది, పదిహేను నిమిషాలు కాళ్ళు పెట్టుకుంటే మామూలుగా భయం లేదు. చర్మంగుండా ఒంట్లోకి వెళ్ళేది బహు తక్కువ. కలిగే హాయిలో ఉప్పుకంటే వెచ్చదనానిదే ఎక్కువ వాటా. నీళ్ళు మాత్రం మరీ వేడిగా ఉండకూడదు. షుగరున్నవాళ్ళు, కాళ్ళమీద పుండ్లున్నవాళ్ళు డాక్టర్ని అడిగి తీరాలి.

తాగడం వేరే సంగతి. మలబద్ధకమని సొంతంగా తాగితే విరేచనాలు పట్టుకుని ఒంట్లో నీరంతా పోతుంది. కిడ్నీ జబ్బుంటే మెగ్నీషియం ఒంట్లో పేరుకుపోయి ప్రాణంమీదికొస్తుంది.

"ఆస్పత్రిలో గర్భిణులకిచ్చేది ఇదే కదా!" అనేవాళ్ళూ ఉన్నారు. నిజమే, గుర్రపువాతం రాకుండా ఇచ్చే సూదిమందు ఇదే. 33 దేశాల్లో సుమారు 10,000 మంది గర్భిణులపై జరిపి, 2002లో ప్రకటించిన పరిశోధనలో మూర్ఛల ముప్పు సగానికి పైగా తగ్గింది. అయితే ఆ సూది ఇస్తూ మోకాలి కదలిక, ఊపిరి, మూత్రం కనిపెట్టి చూస్తుంటారు. నెలలు నిండకుండా వచ్చే నొప్పులు ఆపడానికి 5 నుంచి 7 రోజులకు మించి ఎక్కిస్తే బిడ్డ ఎముకలకు హాని అని అమెరికా ఔషధ సంస్థ 2013లో హెచ్చరించింది. అంత జాగ్రత్తగా వాడాల్సిన మందుకూ, బేసిన్లో కలిపే గుప్పెడు ఉప్పుకూ పోలికెక్కడ?

అసలు ప్రమాదం ఉప్పులో లేదు, అది ఇచ్చే ధీమాలో ఉంది. కాళ్ళు తేలికపడ్డాయి కదా అని బీపీ చూపించుకోవడం వాయిదా పడుతుంది. ఉప్పునీళ్ళు బీపీని తగ్గించవు. ముఖం, చేతులు ఉన్నట్టుండి వాచినా, తలనొప్పి వదలకపోయినా, చూపు మసకబారినా, పొట్ట పైభాగాన నొప్పొచ్చినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి. ఒక్కోసారి వాపు లేకుండానే బీపీ పెరుగుతుంది. కాబట్టి ఒంట్లో బాగున్నా పరీక్ష మానకూడదు. 2016లో మొదలైన కేంద్ర పథకం కింద ప్రతి నెలా 9న ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తున్నారు.

కోడలి కాళ్ళకు నీళ్ళు కాచిపెట్టే అత్తగారిది మంచి మనసే. ఆ చేత్తోనే బీపీ చీటీ కూడా ఓసారి తీసి చూస్తే, ఇద్దరి ప్రాణాలు కాచినవారవుతారు.